పెన్న ఒడ్డున నీలిమందు తొట్లు

ఆ పటం నా కంటబడిన రోజు నేను జమ్మలమడుగు వెళ్ళింది పటం కోసం కాదు. పాత రికార్డు ఒకటి కనబడటం లేదని, వచ్చి వెతికిపెట్టమని తాలూకా కచేరీ నుంచి నాయనకు కబురొస్తే తోడు వెళ్ళాను. నాయన అక్కడ ముప్పై ఏళ్ళు సర్వేయరుగా పనిచేసి, అంతకు రెండేళ్ళ ముందే రిటైరయ్యాడు. పుట్టింది పులివెందులలో. అయినా జమ్మలమడుగు చుట్టుపక్కల ఆయన కొలత గొలుసు లాగని పొలం లేదనేవాళ్ళు. నేను ప్రొద్దుటూరులో ఆడపిల్లల కాలేజీలో భూగోళం చెప్పేదాన్ని. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు.

నాయన గుమాస్తాతో మాటల్లో పడ్డాడు. నాకు తోచక, బీరువా మీద చుట్టలు చుట్టి పెట్టిన పాత పటాల్లో ఒకదాన్ని కిందికి దించి విప్పాను. గుడ్డకు అతికించిన కాగితం. మడతల దగ్గర పొడిపొడిగా రాలుతోంది. తెల్లవాళ్ళ కాలంలో వేసినది, అంగుళానికి మైలు. కొండల వాలునంతా చీమకాళ్ళలాంటి సన్నని గీతలతో చూపించారు. ఎడమ అంచున గండికోట లోయలోంచి పెన్న బయటికి వచ్చి, జమ్మలమడుగును తాకుతూ, ప్రొద్దుటూరు వైపు పోతోంది. మైలవరం ఆనకట్ట లేదు. సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు లేవు. నాపరాళ్ళ గనులు లేవు. నాకు తెలిసిన నది ఒడ్డున నాకు తెలియని దేశం!

ఉత్తరపు ఒడ్డున ఒకచోట ఆరు చిన్న చదరాలు కనిపించాయి. మూడు పైన, మూడు కింద. పక్కనే నువ్వుగింజలంత అక్షరాలు. గుమాస్తా బల్ల మీది భూతద్దం అడక్కుండానే లాక్కుని చూశాను. నీలిమందు తొట్లు అని ఇంగ్లీషులో రాసి ఉంది.

"నాయనా!" అని అరిచాను. గుమాస్తా చేతిలోని కలం జారి కిందపడింది.

నేనంత అరవడానికి కారణముంది. ఆ వారమే క్లాసులో జర్మనీలో ఒక నది లోయ గురించి చెబుతున్నాను. బొగ్గు ఎక్కడ దొరికింది, ఫ్యాక్టరీలు ఏ ఒడ్డున లేచాయి, ఊళ్ళు ఎట్లా పెరిగాయి అని పటాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపిస్తున్నాను. వెనక బెంచీలో కూర్చునే ఎర్రగుంట్ల పిల్ల లేచి, "మేడమ్, మా ఇంటి కిటికీలోంచి చూస్తే ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తాండాయి. మన పెన్న లోయకు ఇట్లాంటి పటం ల్యాదా?" అంది. లేదన్నాను. లేదన్నందుకు ఆ రోజంతా సిగ్గుపడ్డాను. ఇప్పుడు నా చేతిలో ఉన్నది సరిగ్గా అదే. సిమెంటు రాకముందు, దూదిమిల్లులు రాకముందు, ఈ ఒడ్డున ఆకునుంచి నీలం రంగు తీసే నీలిమందు ఫ్యాక్టరీ ఉండేదని చెప్పే కాగితం. ఆ ఆరు చదరాలు ఈనాటికీ నేల మీద ఉన్నాయేమో! ఉంటే వాటితో మొదలుపెట్టి, అప్పటినుంచి ఇప్పటిదాకా ఈ లోయ ఎట్లా మారిందో పొరలు పొరలుగా పటం గీయవచ్చు.

కచేరీలో అనుమతి తీసుకుని, పలచటి కాగితం పరిచి ఆ భాగమంతా అక్కడే కూర్చుని ఎత్తి రాసుకున్నాను. బస్సులో ఆ కాగితాన్ని నాయన ఒళ్ళో పరిచి చదరాల మీద వేలు పెట్టాను. నాయన మొహం మారిపోయింది.

"ఈ తావు యాడో తెలుసునా నీకు?"

"పెన్న ఒడ్డున."

"మీది ఊరికి, కింది ఊరికి నడిమద్దెన. ఆడ అడుగు పెట్టేది కాదమ్మీ. మరిచిపో."

ఆ ఊళ్ళ అసలు పేర్లు నేనూ చెప్పను. నదికి ఎగువన ఉన్నది మీది ఊరు, దిగువన ఉన్నది కింది ఊరు. అవి ఫ్యాక్షన్ రోజులు. ఆ రెండు ఊళ్ళ పగ చేల మధ్య ఒక గెనుము గట్టు తగాదాతో మొదలై, సర్పంచి ఎన్నికలతో పెరిగి, ఒకరు ఒక పార్టీలో చేరితే రెండోవారు ఎదుటి పార్టీలో చేరేదాకా వచ్చింది. రెండువైపులా మనుషులు పోయారు. మధ్యలో ఉన్న భూమిలోకి ఎవరు అడుగుపెట్టినా రెండోవాళ్ళు ఊరుకోరు. అందుకని తొమ్మిదేళ్ళుగా నాగలి పోలేదు, మేక పోలేదు. కంపచెట్లు మనిషెత్తు పెరిగి పెన్న దాకా అల్లుకుపోయాయి.

నాయన మరిచిపొమ్మన్నాడు కానీ, ఇంటికి వచ్చాక ఆయనే మరిచిపోలేకపోయాడు. అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక మళ్ళీ కాగితం తెమ్మన్నాడు. ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఈ తెల్లోడు తప్పు రాసినాడు. వంక పెన్నలో కలిసేది తొట్లకు మీదంట. నేను కొలిచినాను కదా! కింద కలుస్తాది."

"పోయి చూస్తే తెలిసిపోతుంది," అన్నాను మెల్లగా.

అమ్మ వంటింట్లోంచి, "ఇద్దరికీ పిచ్చి పట్టింది," అంది. తెల్లవారి లేచి చూస్తే, నాయన అటక మీది ప్లేన్ టేబుల్ దించి, దాని మూడు కాళ్ళకు నూనె రాస్తున్నాడు. చిత్రకారుడికి బల్ల ఎట్లాగో సర్వేయరుకు అది అట్లాగ. పొలంలో నిలబెట్టి, దాని మీద కాగితం బిగించి, ఇత్తడి కొలబద్దతో దూరాన ఉన్న గుర్తులను గురిచూసి, అక్కడికక్కడే పటం గీస్తారు. పెళ్ళిచూపులకు కూడా నేనంత ముస్తాబు కాలేదు. నాలుగు పెన్సిళ్ళు సన్నగా చెక్కుకుని, పాత నోటుబుక్కుకు కొత్త అట్ట వేసుకున్నాను.

మొదటి చిక్కు జెండాల దగ్గర వచ్చింది. గురిచూడటానికి కట్టెలకు జెండాలు కట్టి దూరదూరంగా నాటాలి. సర్వే జెండాలు మామూలుగా ఎరుపు, తెలుపు. ప్రొద్దుటూరులో మాకు తెలిసిన బట్టల అంగడికి వెళ్ళి ఎర్రగుడ్డ అడిగితే, శెట్టి మీటరు కట్టె కింద పెట్టేశాడు.

"యాడికి సార్ జెండాలు?"

నాయన ఊళ్ళ పేర్లు చెప్పాడు. శెట్టి రెండు చేతులూ జోడించాడు.

"ఎరుపు వద్దు సార్. అదొక పార్టీది. పసుపు వద్దే వద్దు, ఎలక్షన్ దగ్గర పడింది. మూడు రంగులూ వద్దు. పచ్చది, కాషాయం, అన్నిటికీ ఎవురో ఒకరు ఉండారు."

"తెల్లది?" అన్నాను.

"అమ్మా, తెల్లజెండా చూస్తే మేము లొంగిపోయినామని వీళ్ళు చాటిస్తాండారా అంటారు. అదీ గొడవే."

నలుపు శకునం మంచిది కాదన్నాడు. నీలం మీద పది నిమిషాలు వాదించుకున్నారు. చివరికి అంగట్లో గుమాస్తాలతో సహా అందరూ కలిసి తేల్చిందేమిటంటే, పూలపూల చీటిగుడ్డ. గులాబీరంగు మీద పెద్దపెద్ద బంతిపూలు. "దీన్ని ఏ పార్టీ పెట్టుకోదు సార్, నాది పూచీ," అని శెట్టి పదహారు ముక్కలు కత్తిరించాడు. అంగడి మెట్లు దిగుతూ నాయన నవ్విన నవ్వు నాకింకా చెవుల్లో ఉంది. రిటైరైనప్పటినుంచి ఆయన అట్లా నవ్వగా నేను చూడలేదు.

రెండో చిక్కు జెండాలంత తేలికైంది కాదు. రెండు ఊళ్ళ పెద్దలనూ అడగాలి.

ముందు మీది ఊరికి వెళ్ళాం. అక్కడి పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. ఇంటిచుట్టూ రెండు నిలువుల గోడ. గేటు దగ్గర ఇద్దరు మా సంచీ వెతికారు. ఇత్తడి కొలబద్ద బయటికి తీసి, దాని రెండు కొసల్లో నిలబెట్టిన రేకుల సందుల్లోంచి ఒకడు కన్ను పెట్టి చూశాడు.

"ఇదేంది? తుపాకికి తగిలించేదా?"

"పటానికి తగిలించేది," అన్నాడు నాయన.

లోపల పెద్దాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నాయనను చూడగానే గుర్తుపట్టాడు. "సర్వేయరప్పా! మా నాయన కాలంలో మా చేను కొలిచినావు. రా, కూచో." నేను కాగితం విప్పి చూపించాను. ఆయన దాన్ని చూడలేదు. నన్నే చూశాడు.

"ఫ్యాక్టరీవాండ్లు పంపినారా?"

"లేదండీ. మా కాలేజీ పిల్లల కోసం."

"పిల్లోళ్ళకు పాఠం చెప్పేదానికి ప్రాణం మీదికి తెచ్చుకుంటాండావా?"

నోటికి వచ్చింది చెప్పేశాను. "ఎక్కడో జర్మనీలో ఏ నది పక్కన ఏ ఫ్యాక్టరీ ఉందో మా పిల్లలకు తెలుసు. పెన్న పక్కన ఏముండేదో తెలియదు. చెప్పడానికి నాకూ తెలియదు. అది నాకు సిగ్గుగా ఉంది."

ఆయన నాయన వైపు తిరిగాడు. "కింది ఊరోళ్ళు ఏమన్న్యారు?"

"వాండ్లను ఇంకా అడగల్యా. ముందు నీకాడికే వచ్చినాం."

"వాండ్లు ఒప్పుకుంటే నాకేం అడ్డం ల్యాదు. మా మనుషులు మాత్రం గట్టున నిలబడతారు."

మధ్యాహ్నం కింది ఊరికి పోయాం. ఇక్కడి పెద్ద చిన్నవాడే. ముప్పై అయిదు దాటవు. చదువుకున్నవాడు. జీపు పక్కన నిలబడే మాట్లాడాడు. మేము చెప్పిందంతా విని, "ఆయప్ప ఏమన్న్యాడు?" అని అడిగాడు.

"మీరొప్పుకుంటే సరే అన్నాడు."

అతను పెద్దగా నవ్వాడు. "నేనూ అదే మాట చెప్దామనుకుంటాండా. సరే, మా మనుషులూ నిలబడతారు."

అప్పుడు నాయన అన్న మాటలు నేను ఊహించనివి. "నిలబడేది సరే. ఊరికే నిలబడితే నాకేం పని? గొలుసుకు రెండు కొసలుండాయి. ఒక కొస పట్టేదానికి మీ మనిషి ఒకడు కావాల. ఇంకో కొస వాండ్ల మనిషి పడతాడు. ఇంకొక మాట. దిక్సూచి ముల్లు ఇనుమును చూస్తే అటు లాగుతాది. కొడవండ్లు, బాంబులు దగ్గరుంటే ఉత్తరం తప్పు చూపిస్తాది. అవి దూరంగా పెట్టి రావాల."

అతను నాయనను కిందినుంచి పైదాకా చూశాడు. "ఉత్తరం తప్పుతాదా?"

"తప్పుతాది. ముప్పై ఏండ్ల సర్వీసు నాది."

అతను ఒప్పుకున్నాక, మీది ఊరికీ ఇదే మాట కబురు చేసి, బస్సెక్కి అడిగాను. "నిజంగా అంత లాగుతుందా నాయనా?"

"దానికి ఆనించి పెడితే లాగుతాది. వంద అడుగుల దూరానుంటే ఏం కాదు." కిటికీలోంచి బయటికి చూస్తూ, "వాండ్లకు ఆ సంగతి తెలీదులే," అన్నాడు.

చలికాలం. ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళాం. అమ్మ జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి కట్టి ఇచ్చి, మేము వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది. బీడు దగ్గరికి పోయేసరికి అటుగట్టున పాతికమంది, ఇటుగట్టున పాతికమంది ఉన్నారు. మధ్యలో కంప. ఎవరూ దగ్గడం కూడా లేదు. నాకు భయం ఒక్కటే కాదు, ఆత్రం కూడా. కంప అవతల, ఎండలో మెరుస్తూ పెన్న ఇసుక కనిపించింది. నేను చదరాలుగా రాసుకున్నవి ఈ ముళ్ళ కిందే ఎక్కడో ఉన్నాయి!

నాయన బల్ల నిలబెట్టి రెండువైపులా చూసి చెయ్యి ఊపాడు. మీది ఊరి గట్టు మీద ఒకాయన నడుములోంచి కొడవలి తీసి, దూరంగా ఉన్న వేపచెట్టు మొదట్లో పెట్టాడు. అతన్ని చూసి ఎదుటి గట్టునుంచి ఒకడు వచ్చి తనదీ అక్కడే పెట్టాడు. కాసేపటికి చెట్టు కింద ఇనుప సామాను అంగడి పెట్టినట్టయింది. పంచెల్లోంచి, సంచుల్లోంచి వాళ్ళు తీసిన వాటన్నిటి పేర్లు నాకు తెలియవు.

గొలుసు పట్టడానికి మీది ఊరినుంచి బక్కపలచని మీసాలాయన, కింది ఊరినుంచి బానకడుపు మనిషి వచ్చారు. ఇద్దరికీ మాటల్లేవు. గొలుసు చెరొక కొస పట్టుకుని మొహాలు చెరొక వైపు తిప్పుకున్నారు. మొదటి గంటంతా నాయన గుండానే మాట్లాడుకున్నారు.

"సర్వేయరప్పా, ఆ కొసనుండే మనిషిని గట్టిగా లాగమను."

"లాగుతానే ఉండాననీ, కంపకు తగులుకుందనీ ఆయనకు చెప్పు సర్వేయరప్పా."

నాయన ఒకరి మాట ఇంకొకరికి ఒప్పచెప్పి, నాకు కొలతలు గొలుసు లింకుల లెక్కన చెప్పేవాడు. నేను రాసుకునేదాన్ని. బంతిపూల జెండాలు గాలికి ఊగుతుంటే గట్టు మీద ఎవరో, "పెండ్లిపందిలి మాదిరి ఉండాదే!" అన్నారు. ఎటుగట్టున అన్నారో తెలియదు కానీ, నవ్వు రెండు గట్ల మీదా వినిపించింది.

వంక దగ్గరికి పోయినప్పుడు నాయన ఆగిపోయాడు. ఇప్పుడు నీళ్ళు పారే వంక ఆయన కొలిచినట్టే కింద కలుస్తోంది. కానీ నలభై బారల ఎగువన, కంపలో, గుండ్రాళ్ళు పరుచుకున్న లోతైన పాత దారి ఒకటుంది. వంక ఒకప్పుడు అటే పారిందని గులకరాళ్ళే చెబుతున్నాయి. నాయన వంగి ఒక రాయి తీసి చేతిలో తిప్పి చూశాడు.

"తెల్లోడు తప్పు రాయల్యా," అన్నాడు నెమ్మదిగా. "నేనూ తప్పు రాయల్యా. వంకే జరిగింది." ఇంకెవరితోనో చెప్పాలన్నట్టు వెనక్కి తిరిగి, గొలుసు పట్టిన ఇద్దరికీ ఆ సంగతి చెయ్యి తిప్పుతూ వివరించాడు. వాళ్ళిద్దరూ ఒక్కసారే ఆ గుండ్రాళ్ళలోకి తొంగిచూశారు.

సరిగ్గా అప్పుడే ఢామ్మని పేలింది.

నేల అదిరింది. గట్ల మీద మనుషులు ఒక్కసారిగా కిందికి వాలిపోయారు. కొందరు వేపచెట్టు వైపు పరుగు తీశారు. "వేసినార్రా!" అని ఎవరో కేకవేశారు. నేను బల్ల కింద కూలబడ్డాను. ఆ క్షణంలో నాకు అమ్మ మొహం కనబడింది. తర్వాత నాయన గొంతు వినపడింది. ఆయన కూర్చోలేదు. ఎక్కడున్నవాడు అక్కడే నిటారుగా నిలబడి, బీడంతా వినపడేట్టు అరుస్తున్నాడు.

"యాభై రెండు లింకులు! రాసుకో అమ్మీ! గొలుసు వదలొద్దండప్పా, కొలత పోతాది! అది నాపరాళ్ళ గనిలో టపాకాయ! యాభై రెండు!"

గొలుసు పట్టిన ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు కానీ, కొసలు వదల్లేదు. నది అవతల గనిలోంచి తెల్లటి దుమ్ము లేచి గాలిలో పరుచుకోవడం అందరికీ కనిపించింది. రోజూ వినే మోతే. ఆ రోజు ఆదివారం కాబట్టి అది మోగుతుందని ఎవరూ అనుకోలేదు. చెట్టు దాకా పరిగెత్తినవాళ్ళు సగం వంగి ఆగిపోయారు. బానకడుపాయన లేచి పంచె దులుపుకుంటూ, మొదటిసారి ఎదుటి మనిషి వైపు సూటిగా చూశాడు.

"నువ్వే వేసినావనుకుంటి కదప్పా!"

"నేనూ నువ్వనే అనుకుంటి," అన్నాడు మీసాలాయన. "ఇంత ఎడమకు రా. కొలత పోతాదంట."

ఆ తర్వాత నాయన గుండా మాట్లాడుకోవలసిన పని వాళ్ళకు పడలేదు. నా నోటుబుక్కులో మాత్రం ఆ యాభై రెండు అంకె ఇప్పటికీ వంకరగానే ఉంది.

పన్నెండు దాటాక, నేను పటంలో గురిచూసి గుర్తుపెట్టుకున్న చోటికి వచ్చాం. ఏమీ లేదు. కంప, పుట్టలు. గొలుసు పట్టిన ఇద్దరూ చేతులతో, కర్రలతో కంప విరిచి పక్కకు లాగారు. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని ముళ్ళలోకి దూరాను. చేతులు గీరుకుపోయాయి. అడుగున కాలికి గట్టిగా ఏదో తగిలింది. మట్టి గీకితే తెల్లగా, నున్నగా ఉంది. పాతకాలపు గచ్చు.

"ఉంది! ఇక్కడుంది!"

అంతే! గట్ల మీద నిలబడమన్నవాళ్ళు నిలబడలేదు. చూడాలని ఒక్కొక్కరే దిగివచ్చారు. ఏమన్నా నిధి అనుకున్నారేమో, నాకు తెలియదు. గంట తిరిగేసరికి నలుగురు, పదిమంది, ఇరవైమంది కంప విరుస్తున్నారు. ఎవరు ఏ ఊరో నాకు తెలియడం మానేసింది. మొదటి తొట్టి బయటపడింది. తర్వాత దాని పక్కది. సరిగ్గా పటంలో ఉన్నట్టే, పైవరుసలో మూడు, వాటికి రెండడుగుల కింద ఇంకో మూడు. పైతొట్టి అడుగునుంచి కిందితొట్టిలోకి గుప్పెడంత తూము. నేను దానిలోకి చెయ్యి దూర్చి అవతలినుంచి వేళ్ళు ఊపాను. నాయన నా వేళ్ళు పట్టుకుని నవ్వాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

అప్పుడే మేకల గంటలు వినిపించాయి. మీది ఊరి వైపునుంచి ముసలామె ఒకతె మేకలను తోలుకుంటూ బీడులోకి నడిచి వచ్చేస్తోంది. గొర్రెలు, మేకలు మేపుకునే ఇంటి మనిషి. ఎవరో అడ్డుకోబోతే, "ఇంతమంది మొగోళ్ళు ఉండారు, నా మేకలకేం భయం?" అని కసిరింది. తొట్లను చూసి ఆగింది.

"ఓయమ్మ! నీలిబీడు! మా అవ్వ ఈటిలోనే తొక్కిందంట."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఏం తొక్కింది అవ్వా?"

"నీలి ఆకు. మీది తొట్టిలో నానేస్తారంట. ఆ నీళ్ళను కింది తొట్టిలోకి ఇడిస్తే, మొలలోతు నీళ్ళలో దిగి కట్టెలతో కొట్టల్లంట. కంపు శానా ఉంటాదంట. మా అవ్వ సచ్చిపొయ్యేనాటికి కూడా ఆమె గోర్లు నీలంగానే ఉన్నాయని మాయమ్మ చెప్తాండె."

నోటుబుక్కు తీసి ఆమె మాటలు ఆమె అన్నట్టే రాసుకున్నాను. పటంలో ఆ చోటుకు పేరు లేదు. ఆ రోజునుంచి నా పటంలో ఉంది. నీలిబీడు. మీసాలాయన నీళ్ళ సీసాలోంచి కాసిన్ని నీళ్ళు గచ్చు మీద పోసి పంచెకొంగుతో తుడిచాడు. మూలలో, పగుళ్ళ లోపల, లేత నీలం మరక ఉన్నట్టే కనబడింది. నా ఆశేమో! కానీ చుట్టూ నిలబడ్డవాళ్ళందరూ, "ఉండాది, ఉండాది," అన్నారు.

ఇదంతా చెప్పి, ఆ రోజుతో పగలు చల్లారాయని అంటే అబద్ధమవుతుంది. సాయంత్రం అందరూ వేపచెట్టు కిందికి పోయి ఎవరివి వాళ్ళు ఏరుకుని ఇళ్ళకు పోయారు. ఎన్నికలొచ్చాయి. మీది ఊరి పెద్ద పార్టీ మారాడు. ఆయన మారాడని కింది ఊరి పెద్దా మారాడు. జెండాల రంగులు అటువి ఇటు, ఇటువి అటు అయ్యాయి కానీ, కొట్లాట కొట్లాటగానే ఉంది. గొలుసు పట్టిన బానకడుపాయన ఆ ఎన్నికల తర్వాత జమ్మలమడుగు దారిలో చనిపోయాడు. ఆ సంగతి నాకు పేపరులో తెలిసింది. నాయన ఆ రోజు అన్నం తినలేదు. మేకలు మాత్రం నీలిబీడులోకి పోవడం మానలేదు. ముసలామె వేసిన కాలిబాటలోనే తర్వాత కట్టెలకు ఆడవాళ్ళు పోయారు. ఆడవాళ్ళను ఏమీ అనకూడదని రెండువైపులా ఎవరు ఎవరితో మాట్లాడుకున్నారో తెలియదు.

నేను రెండేళ్ళు ఆ పటం మీద పడ్డాను. సెలవు దొరికితే చాలు, గండికోటనుంచి ప్రొద్దుటూరు దాకా ఒడ్డున నడిచాం. నీలిమందు కాలం ఒక పొర. దూదిమిల్లులు, రైలు వచ్చిన కాలం ఒక పొర. ఆనకట్ట, నాపరాళ్ళ గనులు, సిమెంటు పొగగొట్టాల కాలం ఇంకొకటి. మూడూ పలచటి కాగితాల మీద గీసి ఒకదాని మీద ఒకటి పరిచి వెలుతురుకు పట్టుకుంటే, లోయంతా కదులుతున్నట్టుండేది. అవి గీసేటప్పుడు నాకు ఆకలి తెలిసేది కాదు. పిల్లలు వంతులవారీగా వచ్చి పొగగొట్టాలు దిద్దేవాళ్ళు. ఎర్రగుంట్ల పిల్ల తన ఇంటి కిటికీ ఎటువైపుందో చెప్పి, అక్కడ చుక్క పెట్టేదాకా ఊరుకోలేదు.

పటం పూర్తయ్యాక కాలేజీ హాల్లో గోడకు తగిలించి, ఎవరైనా వచ్చి చూడవచ్చని చెప్పాం. వారం రోజులు జనం వచ్చారు. అందరూ ముందు వెతుక్కునేది తమ ఇల్లు. బంగారు అంగళ్ళవాళ్ళు తమ వీధి, రైతులు తమ బావి, గనుల్లో పనిచేసేవాళ్ళు తమ గుంత. ఎవరిది వారికి దొరకగానే, తప్పిపోయిన బిడ్డ దొరికినట్టు కేకలు వేసేవాళ్ళు.

ఆఖరిరోజు ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. వెంట ఇద్దరు మనుషులు. వాళ్ళను వాకిట్లో నిలబెట్టి, ఒక్కతే లోపలికి వచ్చింది. మీది ఊరి పెద్దాయన భార్య. నేను వాళ్ళింటికి వెళ్ళిన రోజు ఆమెను చూడలేదు. పటం ముందు నిలబడి, "మా ఇల్లు యాడుండాది?" అని అడిగింది. చూపించాను. ఆమె అక్కడ వేలు పెట్టి చాలాసేపు ఉంచింది.

"పెండ్లయినప్పటినుంచి ఆ గోడ దాటి నేను పోయింది నాలుగు తూర్లు. ఊరు ఎట్లుంటాదో నాకు తెలీదు. ఇదేనా వంక? ఇది మా ఇంటికి ఇంత దగ్గరనా?"

"ఇంకా దగ్గరే. మీ పెరటి గోడనుంచి రెండు వందల అడుగులు."

ఆమె వేలితో వంక వెంబడి పెన్న దాకా నడిచింది. అక్కడినుంచి పటం దిగువ అంచుదాకా వచ్చి ఆగిపోయింది.

"ఇంతేనా? మాయమ్మగారి ఊరు పులివెందుల కాడ. అది ల్యాదా దీంట్లో?"

"లేదమ్మా. పటం ఇక్కడికే అయిపోయింది."

"మా ఊర్లో ఒక వంక ఉండాది. మేమంతా పిల్లప్పుడు గవ్వలవంక అంటాంటిమి. ఎర్రగవ్వలు దొరికేటివి. సర్కారు కాగితాల్లో దాని పేరేముండాదో తెలీదు. నువ్వు రాసేటప్పుడు గవ్వలవంక అని రాస్తావా?"

రాస్తానన్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలి, పైట సర్దుకుని బయటికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికి పోయి నాయనకు చెప్పాను. అప్పటికే ఆయనకు మోకాళ్ళ నొప్పులు. లేచి, చొక్కా తగిలించుకుని, "పులివెందులకు పొద్దున మొదటి బస్సు ఎన్ని గంటలకు?" అని అడిగాడు. ముగ్గురాళ్ళ గనుల పక్కగా, గండి క్షేత్రం వైపు దిగే ఆ వాలులో మేమిద్దరం మరో రెండు చలికాలాలు తిరిగాం. గవ్వలవంక నిజంగానే ఉంది. అరమైలు పొడవు, ఎండాకాలంలో చుక్క నీళ్ళుండవు. దాని పేరు నేనే నా చేత్తో నల్లసిరాతో రాశాను. నకలు ఒకటి మీది ఊరికి పంపాను.

ఆమె దాన్ని తన గదిలో మంచం ఎదురుగా తగిలించుకుందని, పొద్దున లేస్తూనే వేలితో ఆ వంక వెంబడి ఒకసారి పోయి వస్తుందని మేకల ముసలామె నాకు చెప్పింది.